కొబ్బరి గోదాములో గ్లౌజుల ఎంపిక: ఒక ప్రాజెక్టు డైరీ

జూన్ 14

కోనసీమలో, అంబాజీపేటకు దగ్గరలో, ఒకప్పుడు కొబ్బరికాయల రాశులు పోసుకున్న రేకుల గోదాములో, మా కిక్‌బాక్సింగ్ తరగతి రెండేళ్లుగా నడుస్తోంది. నేర్పేది మాస్టారు, సామాను చూసుకోవడం, జమాఖర్చులు రాయడం నా వంతు. పగలంతా కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పే మనిషికి కొలతల పిచ్చి సాయంత్రమైనా వదలదని ఆయన నవ్వుతుంటారు. నిన్న జరిగిన దాని తరువాత, గ్లౌజుల సంగతి తేల్చే పని ఆ పిచ్చికే అప్పగించారు.

నిన్న స్పారింగులో, అంటే ఇద్దరు ఎదురెదురుగా నిలిచి కొట్టుకునే సాధనలో, ఇంటర్ చదివే కుర్రాడొకడు వేసిన కుడిచేతి దెబ్బ, అందులో పెద్ద ఊపేమీ లేకపోయినా, ఎదుటివాడి కనుబొమ్మను చీల్చింది. రెండు కుట్లు పడ్డాయి. కొట్టినవాడి గ్లౌజు విప్పించి చూశాను. 12 ఔన్సులది, ఏడాదిగా రోజూ వేలాడే బ్యాగు మీద గుద్దడానికి వాడుతున్నది. పైనుంచి చూస్తే నిగనిగలాడుతోంది గానీ, నా చెయ్యి లోపల పెట్టి పిడికిలి బిగించి, రెండో చేతి బొటనవేలితో ముందువైపు నొక్కితే నా కణుపులు ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా తగిలాయి. లోపలి ఫోమ్ అక్కడ అణగారి పలుచనైపోయింది. అంటే నిన్న ఆ కనుబొమ్మకు తగిలింది గ్లౌజు కాదు, దాదాపుగా ఎముకే.

తరగతిలో పద్నాలుగు మంది ఉన్నారు. ఇంతవరకు ఎవరికి దొరికిన గ్లౌజులు వారు కొనుక్కుని, అవే బ్యాగుకూ, ఎదుటివాడు చేతికి తొడుక్కుని పట్టే ప్యాడ్లకూ, స్పారింగుకూ వాడుతున్నారు. ఇకమీదట స్పారింగ్ జతలు తరగతివిగా విడిగా ఉండాలని, వాటిని ఎవరూ బ్యాగు మీద వాడకూడదని మాస్టారూ నేనూ అనుకున్నాము. అందరి చందాలు కలిపి 24,000 రూపాయలు ఉన్నాయి.

జూన్ 22

కొనేముందు ఉన్నవాటిని తూచాలనిపించి, బంధువుల కిరాణా కొట్టు నుంచి గ్రాముల కాటా తెచ్చాను. ఔన్సు అంటే 28.35 గ్రాములు, గ్లౌజు మీద రాసిన అంకె జత బరువు కాదు, ఒక్కొక్క గ్లౌజు బరువు. ఈ ఒక్క విషయం మా వాళ్లలో సగం మందికి తెలియదు. లెక్కప్రకారం 16 ఔన్సుల గ్లౌజు 454 గ్రాములు, 14 ఔన్సులది 397, 12 ఔన్సులది 340 తూగాలి. మా దగ్గరున్న పదకొండు జతలలో నాలుగు మాత్రమే పది గ్రాముల తేడాలోపు ఉన్నాయి. 16 అని ముద్రవేసిన ఒక జతలో కుడిది 421, ఎడమది 409 తూగాయి. ఆ జత ఎక్కడ కొన్నారో ఇక్కడ రాయను. ఇకముందు కొట్టువాడి ఎదురుగానే కాటా వేస్తాను.

బరువొక్కటే చాలదు. అదే బరువు మణికట్టు పట్టీలో ఎక్కువగా, కణుపుల దగ్గర తక్కువగా ఉండవచ్చు. అందుకే చేతిలోకి తీసుకుని, మెత్త ఎక్కడ దట్టంగా ఉందో నొక్కి చూడడం తప్పదు.

జూన్ 29

ఈ రోజు పిల్లలతోనూ తల్లిదండ్రులతోనూ మాట్లాడవలసి వచ్చింది. ఒక అమ్మాయి తల్లి నేరుగా అడిగారు: “నిఖత్ జరీన్ వేసుకునేది పది ఔన్సులేనటండీ. మా పాపకి పద్నాలుగెందుకండి మాస్టారూ?” మంచి ప్రశ్నే. నిజామాబాద్ అమ్మాయి 2022లో ఇస్తాంబుల్‌లో బాక్సింగ్ 52 కిలోల విభాగంలో ప్రపంచ విజేత అయిన తరువాత మా తరగతిలో ఆడపిల్లల సంఖ్య ఒకటి నుంచి నాలుగుకు పెరిగింది కాబట్టి, ఆ పేరు వినబడినప్పుడల్లా నాకు సంతోషమే. కాని పోటీ గ్లౌజు వేరు, సాధన గ్లౌజు వేరు. అమెచ్యూర్ బాక్సింగ్ పోటీలలో ఆడవారికీ, తేలిక బరువుల మగవారికీ 10 ఔన్సులు, పై బరువుల మగవారికి 12. ప్రొఫెషనల్ పోటీలలో సాధారణంగా 66.7 కిలోల వరకు 8 ఔన్సులు, ఆ పైన 10. అక్కడ రింగులో రెఫరీ ఉంటాడు, పక్కన వైద్యుడుంటాడు, ఏడాదికి కొన్ని పోటీలే ఉంటాయి. మనం వారానికి రెండుసార్లు ఒకే స్నేహితుడి ముఖం మీదికి చెయ్యి విసురుతాము.

మాస్టారు దీనికి చెప్పిన పాతకథ బాగుంది. 18వ శతాబ్దంలో ఇంగ్లాండులో జాక్ బ్రౌటన్ అనే మల్లుడు పందేలలో ఉత్తచేతులతోనే కొట్టుకునేవాడట. తన దగ్గర నేర్చుకోవడానికి వచ్చిన పెద్దింటివారి ముఖాలు వాయకుండా మాత్రం సాధనలో చేతులకు మెత్తలు తొడిగించేవాడట. పోటీలలో గ్లౌజులు తప్పనిసరి అన్న క్వీన్స్‌బెర్రీ నియమాలు వెలువడింది 1867లో. కాబట్టి స్పారింగ్ గ్లౌజు పుట్టిందే ఎదుటివాడి కోసం అని ఆయన వాదన. బ్యాగు గ్లౌజు మాత్రం మన చేతి కోసం.

మా నిర్ణయం ఇలా ఉంది: 55 కిలోల లోపు వారికి స్పారింగులో 14 ఔన్సులు, పైవారికి 16. పన్నెండేళ్ల లోపు ముగ్గురు పిల్లలకు తలకు దెబ్బలు లేని సాధనే ఉంటుంది. వారి 6, 8 ఔన్సుల గ్లౌజులు వారికి చాలు. కరాటే నుంచి వచ్చిన ఇద్దరు ఎరుపు, నీలం రంగుల పలుచని పోటీ గ్లౌజులు తెచ్చారు. అవి దెబ్బను తాకించి ఆపే నియమాలకు తగినవి, మా స్పారింగుకు పనికిరావు. వేళ్లు బయటికి ఉండే 4 ఔన్సుల ఎంఎంఏ (దెబ్బలూ పట్టులూ కలిసిన పోరు) గ్లౌజులను కూడా అదే కారణంగా పక్కన పెట్టించాను. పట్టులు నేర్పే రోజున వాడుకోవచ్చు.

ఎంత మందపు గ్లౌజయినా లోపల మెదడు కదలడాన్ని ఆపదని ఆ తల్లికి దాచకుండా చెప్పాము. మందపు మెత్త చర్మం చీలకుండా, ఎముక విరగకుండా కొంత కాపాడుతుంది. తల ఒక్కసారి గిరుక్కున తిరిగితే లోపల జరిగేదానికి గ్లౌజు జవాబు కాదు. అందువల్ల గట్టిగా కొట్టే స్పారింగ్ మా దగ్గర నెలకు ఒకటే. ఆమె కాసేపు ఆలోచించి, “అయితే పదహారే ఇవ్వండి” అన్నారు. 48 కిలోల పిల్లకు పదహారు వేస్తే రెండో రౌండుకే చేతులు కిందికి వాలిపోయి ముఖం బయటపడుతుందని నచ్చజెప్పేసరికి చీకటి పడింది.

జులై 13

వర్షం. తరగతి లేదు. పరీక్ష పెట్టాను.

ఈ పరీక్ష గురించి వివరంగానే రాస్తాను, ఎందుకంటే కొనుగోలంతా దీని మీదే ఆధారపడింది. కాలువ గట్టు నుంచి ఒండ్రుమట్టి తెచ్చి, పుల్లలూ గవ్వలూ ఏరి, చపాతీ పిండికంటే కొంచెం గట్టిగా పిసికి, పెద్ద స్టీలు బేసినులో నాలుగంగుళాల మందాన పరిచి స్కేలుతో చదును చేశాను. ఇంట్లో వాడకం లేని చిన్న రోకలి ఒకటి ఉంది. దాని అడుగుకు పిడికిలి వెడల్పున గుండ్రటి చెక్క బిగించి, దానిని గ్లౌజులోకి వేళ్ల దాకా దూర్చి, మణికట్టు పట్టీ బిగించాను. రోకలి, చెక్క, గ్లౌజు కలిసి సుమారు 3 కిలోలు. రెండు నిలువు బద్దల మధ్య నుంచి, కణుపుల వైపు కిందికి ఉండేలా, 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి మట్టి మీదికి వదలడం, ఏర్పడిన గుంట లోతును అగ్గిపుల్లతో కొలవడం. ఒక్కొక్క గ్లౌజును ఐదుసార్లు వదిలి సగటు తీసుకున్నాను. గ్లౌజుల బరువులలోని తేడాను సరిచేయడానికి రోకలికి చిన్న చిన్న ఇనుప వాషర్లు కట్టాను.

మెత్తని పొరల ఫోమ్ ఉన్న కొత్త 16 ఔన్సుల గ్లౌజు, ఒక స్నేహితుడి దగ్గర అరువు తెచ్చింది, 7 మిల్లీమీటర్ల గుంట చేసింది. గుంట వెడల్పుగా, పళ్లెంలా ఉంది. అచ్చుపోసిన గట్టి ఫోమ్ ఉన్న కొత్త 16 ఔన్సుల బ్యాగు గ్లౌజు 10 మిల్లీమీటర్లు దిగింది. కనుబొమ్మ చీల్చిన 12 ఔన్సుల పాతది 14 మిల్లీమీటర్లు దిగడమే కాక, గుంట మధ్యలో చెక్క అంచు ఆకారం అచ్చుగుద్దినట్టు కనిపించింది. ఆ గుంటను చూపించగానే ఆ కుర్రాడు మాట్లాడలేదు.

దీనికి హద్దులున్నాయి. మట్టి మనిషి తల కాదు. గంట గడిస్తే మట్టి ఆరి కొలతలు మారతాయి కాబట్టి అన్నిటినీ ఒకే గంటలో ముగించాను. ఈ అంకెలు గ్లౌజునూ గ్లౌజునూ పోల్చడానికే పనికివస్తాయి. అయినా ఒక సంగతి తేలింది. ఒకే 16 ఔన్సులలో గట్టి ఫోమ్ కొట్టేవాడి చేతికి సుఖం, మెత్తని ఫోమ్ దెబ్బ తినేవాడి ముఖానికి సుఖం. గట్టి ఫోమ్ బ్యాగు మీద త్వరగా అణగదు. మెత్తనిది బ్యాగు మీద కొన్ని నెలలకే చచ్చిపోతుంది. రెండూ ఒకే జతలో అడగడం పేరాశే.

జులై 27

ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. లంక గ్రామాల నుంచి వచ్చే ముగ్గురు పడవల మాటేమిటో తేలేదాకా రారు. అసలు సమస్య గోదాములో గాలిది. నిన్న రాత్రి కొక్కేలకు తగిలించిన గ్లౌజులు ఈ సాయంత్రానికి కూడా లోపల చెమటతో జిగటగానే ఉన్నాయి. ఒకదానిలో బూజు తెల్లగా పొడలు కట్టింది.

ఈ విషయంలో తోలు మంచిదా రెగ్జిన్ మంచిదా అన్న చర్చకు నాకిప్పుడు జవాబు దొరికింది, కొంతవరకు. రెగ్జిన్ అని మనమనే పాలియురేథేన్ పొర వేడికీ తేమకూ పొట్టు రాలుతుంది. మా పాత జతలలో రెండింటికి చేతివెనుక భాగం పాము కుబుసంలా ఊడింది. తోలుకు బూజు పడుతుంది గానీ, తుడిచి నీడలో ఆరబెడితే నిలబడుతుంది. ఎండలో పెడితే మాత్రం రెండూ పగులుతాయి. ఏదైనా ముందు కుళ్లేది లోపలి గుడ్డ అస్తరే. కాబట్టి అస్తరు పలుచగా, త్వరగా ఆరేదిగా ఉందో లేదో చెయ్యి పెట్టి చూడాలి.

ఒక కుర్రాడు వాళ్ల నాయనమ్మ సలహా మీద గ్లౌజులలో కల్లుప్పు మూటలు పెట్టాడు. తెల్లారేసరికి మూటలలోంచి ఉప్పునీరు కారి అస్తరంతా తడిసింది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ నీటిని పీల్చి తానే కరుగుతుందని తరగతిలో ఏటా చెప్పే పాఠమే. ఇంట్లో ఉప్పు జాడీ చెమర్చడం చూస్తూ పెరిగిన నాకు ముందే తట్టవలసింది.

ఆగస్టు 10

కొనుగోలు అయింది. జలంధర్ నుంచి సరుకు తెప్పించే కొట్టుకు రాజమహేంద్రవరం వెళ్లి, కాటాతో సహా, మూడు గంటలు కూర్చున్నాను. 16 ఔన్సుల మెత్తని పొరల ఫోమ్ తోలు జతలు నాలుగు, ఒక్కొక్కటి 3,400. 14 ఔన్సుల రెగ్జిన్ జతలు మూడు, ఒక్కొక్కటి 1,900. పద్నాలుగు మందికీ గ్లౌజు లోపల చేతికి చుట్టుకునే గుడ్డ పట్టీలు, అంటే ర్యాపులు, జత 150 చొప్పున. మొత్తం 21,400. పదహారులు తోలువి కావడానికి కారణం, వాటిని ఎక్కువమంది వాడతారు. పద్నాలుగులు కూడా తోలువే కొందామనుకున్నాను, డబ్బు చాలలేదు.

బొటనవేలు అరచేతి వైపుకు కుట్టుతో కట్టి ఉన్నవాటినే తీసుకున్నాను. విడి బొటనవేలు ఎదుటివాడి కంటిలో పొడుచుకునే ప్రమాదం ఉంది, మన వేలే వెనక్కి విరుచుకునే ప్రమాదమూ ఉంది. లేసుల గ్లౌజు మణికట్టును చక్కగా పట్టుకుంటుందన్నది నిజమే, కాని ప్రతి రౌండుకూ కట్టడానికి మరొక మనిషి కావాలి, అంటించి ఊడదీసే వెల్క్రో పట్టీలనే ఎంచుకున్నాము.

నేను చేసిన తప్పు ఒకటి ఇక్కడే రాయాలి. చేతి చుట్టుకొలతలు జూన్‌లోనే తీశాను, కాని ఉత్తచేతులకు తీశాను. నాలుగున్నర మీటర్ల ర్యాపు చుట్టిన తరువాత పెద్ద చేతులున్న ఇద్దరికి కొత్త గ్లౌజులో వేళ్లు ముడుచుకోలేదు. వేళ్లు పూర్తిగా ముడుచుకోకపోతే పిడికిలి వదులవుతుంది, దెబ్బ చిటికెన వేలి వైపు పడుతుంది. వైద్యులు బాక్సర్ ఫ్రాక్చర్ అనేది అక్కడి ఎముకకే. కొట్టువాడు మంచివాడు కాబట్టి ఒక జతను మార్చి ఇచ్చాడు. గ్లౌజు కొనేటప్పుడు ర్యాపు చుట్టుకున్న తరువాతే చెయ్యి పెట్టి చూడాలి, పిడికిలి బిగించాలి, గోడకు మెల్లగా ఆనించి మణికట్టు వంగుతుందేమో చూడాలి.

ఆగస్టు 31

ఎవరూ ముందుగా చెప్పని సంగతి. స్పారింగ్ మధ్యలో వెల్క్రో పట్టీలు ఊడి వేలాడుతున్నాయి. మొదట నాణ్యత లేదనుకుని కొట్టువాడిని మనసులో తిట్టుకున్నాను. దీపం కింద పెట్టి చూస్తే, వెల్క్రోకు గరుకు కొక్కేలుండే వైపు సన్నని గోధుమరంగు నూగు దట్టంగా అల్లుకుని ఉంది: కొబ్బరి పీచు. గోదాములో పదేళ్ల పీచు నేలలోనూ వాసాలలోనూ ఉంది, చెమట చేతులకు అంటుకుని అక్కడికి చేరుతోంది. పాత టూత్‌బ్రష్‌తో పావుగంట గీకితే ఊడిపోయింది. ఇప్పుడు విప్పిన వెంటనే పట్టీని దాని మీదికే మూసి పెట్టాలన్న నియమం రాసి గోడకు అంటించాము. స్పారింగుకు ముందు పట్టీ మీద ఒక చుట్టు టేపు వేస్తున్నాము. వెల్క్రో అంచు మెడకు గీసుకోకుండా కూడా అది పనికివస్తోంది.

సెప్టెంబరు 14

మిగిలిన డబ్బు 2,600. ఆరబెట్టే స్టాండు తయారుచేశాను. ఒకటిన్నర అంగుళాల పీవీసీ గొట్టాన్ని అడ్డంగా పెట్టి, దానికి టీ ఆకారపు అతుకులతో పద్నాలుగు నిలువు గొట్టాలు అమర్చి, ఒక్కొక్క దానికి పైన ఆరు రంధ్రాలు చేశాను. ఒక చివర చిన్న ఎగ్జాస్ట్ ఫ్యానును తిరగేసి బిగించి, రెండో చివర మూత వేశాను. గ్లౌజులను ఆ నిలువు గొట్టాలకు బోర్లిస్తే గాలి సరిగ్గా వేళ్ల చివర నుంచి వెనక్కి వస్తుంది. మొత్తం 2,150 అయింది.

మళ్లీ కాటా. ఒక 16 ఔన్సుల గ్లౌజు సాధనకు ముందు 458 గ్రాములు, నాలుగు రౌండ్ల తరువాత 487. కొక్కేనికి తగిలిస్తే మర్నాడు ఉదయానికి 475. స్టాండు మీద బోర్లిస్తే 461. ర్యాపు చుట్టుకోకుండా వేసుకున్న రోజున అదే మనిషికి అదే గ్లౌజు 499 దాకా వెళ్లింది. ర్యాపులు ఉతకడానికి బద్ధకించేవారికి ఈ పన్నెండు గ్రాముల చెమట ఎవరిదో, మర్నాడు ఎవరి చేతికి అంటుతుందో వివరంగా చెప్పాను. ఆదివారం నుంచి తీగ మీద ర్యాపులు వరుసగా ఆరుతున్నాయి.

అక్టోబరు 5

దసరా రోజులు. మా వాళ్లలో నలుగురు అమలాపురం వెళ్లి, దసరాకు కర్రలూ కత్తులూ తిప్పే చెడీ తాలింఖానా సాధనలో ఉన్నారు. అక్కడి పెద్దాయన ఒకరు మా గోదాముకు వచ్చి, గ్లౌజును చేతిలో తిప్పి చూసి, “చేతికి దిండు కట్టుకుని కొట్టుకుంటారేంట్రా” అని నవ్వారు. కర్రలతోనూ కత్తులతోనూ పెరిగిన చేతులవి. కాని ర్యాపు చుట్టడం మాత్రం ఆయన చాలాసేపు చూశారు, బొటనవేలి మొదట్లో రెండు చుట్లు ఎందుకని అడిగారు, ఆ తరువాత తానే ఒకరి మణికట్టును వంచి చూసి మూడో చుట్టు వేయమన్నారు. వేశాము. మణికట్టు నిజంగానే గట్టిపడింది.

నవంబరు 23

నాలుగు నెలల తరువాత మట్టి పరీక్ష మళ్లీ పెట్టాను. అరువు గ్లౌజు తిరిగి ఇచ్చేశాను కాబట్టి, పోలికకు కనుబొమ్మ చీల్చిన పాత 12 ఔన్సుల దానినే మళ్లీ వదిలాను. అది ఈసారీ 14 మిల్లీమీటర్లే దిగింది గనుక మట్టి ఇంచుమించు అప్పటి మెత్తదనంలోనే ఉందని నమ్మాను. బ్యాగు ముఖం చూడని 16 ఔన్సుల తోలు జతలు మూడు 7కూ 8కీ మధ్యే ఉన్నాయి. నాలుగో జత కుడిది 10 దిగింది. ఎవరో రహస్యంగా బ్యాగు మీద వాడారన్నమాట. అడిగితే ఎవరూ ఒప్పుకోలేదు. దానిని ప్యాడ్లకు తోసేసి, స్పారింగ్ నుంచి తీసేశాను. నష్టం 3,400.

కార్తీకమాసం నాకు మరో లెక్క నేర్పింది. ఇద్దరు కుర్రాళ్లు అయ్యప్ప మాల వేసుకున్నారు. స్పారింగ్ ఎటూ మానేశారు గానీ, ప్యాడ్ల మీద సాధన చేస్తామన్నారు. తోలు ముట్టుకోరు. వారిలో ఒకడి సొంత జత తోలుది. ఫోమ్ గురించీ తేమ గురించీ అంత ఆలోచించిన నాకు మాల సంగతి తట్టనేలేదు. డబ్బు చాలక కొన్న రెగ్జిన్ జతలలో ఒకటి, బ్యాగు కొట్టకూడదన్న షరతు మీద, అతనికి ఇచ్చాను. “ఆయ్, స్వామి మీద ఒట్టండి” అన్నాడు. ఆ ఒట్టును నమ్మాను.

మూడో జత ఎడమ గ్లౌజులో బొటనవేలి కుట్టు అంగుళం మేర విడింది. సెంటర్లో చెప్పులు కుట్టే పెద్దాయన మైనం పట్టించిన దారంతో రెండు వరుసలు వేసి, “లోపల తడి ఉన్నప్పుడు తేవద్దు, దారం లాగితే తోలు చిరుగుతుంది” అని హెచ్చరించి, నలభై రూపాయలు తీసుకున్నారు. ఇంకొక జతలోనూ అదే చోట కుట్టు వదులైనట్టు కనిపిస్తోంది. దానిని ఈ రాత్రి స్టాండు మీద బోర్లించాను. రేపు ఉదయం తూచి, 460కి దిగితేనే ఆయన దగ్గరికి తీసుకువెళతాను.